చెన్నపురి కట్టడములు, కట్టిన చేతులు



ఎవరి సంస్మరణార్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ పెద్దలు ఉద్యోగజీవితమంతయు మరామతు శాఖలో గడపినవారనియు, ఏ కట్టడము నెదుట నిలిచినను దీని నమూనా గీసిన దొర యెవరని యడుగుటకు ముందు దీని సున్న మెక్కడిది, దీని దూల మెక్కడిది, దీనిని పైకెత్తిన మేస్త్రి యెవడు అని యడుగుట వారి యలవాటనియు వారి కుటుంబమువారు నాకు తెలిపినారు. చరిత్ర పుస్తకములు వేయని ప్రశ్నలవి. ఆ ప్రశ్నల వరుసనే నేటి నా ప్రసంగమునకు త్రోవగా గైకొనుచున్నాను.

నేనెన్నుకొన్న విషయము చెన్నపట్టణమున నేటికిని నిలిచియున్న ప్రాచీన భవనములు. సముద్రతీరమున మోటారు కార్ఖానాలతోను, కంప్యూటరు కంపెనీలతోను, నేలపైనను నేలక్రిందను పరుగిడు మెట్రో రైళ్లతోను అత్యాధునికమై విలసిల్లుచున్న ఆ మహానగరము మనకు పరాయిది కాదు. ఇచ్చట రాత్రి రైలెక్కినవారు తెల్లవారుసరికి సెంట్రల్ స్టేషనులో దిగుదురు. వైద్యమునకో, పెండ్లి పట్టుచీరలకో, విదేశయాత్రకు వీసా కొఱకో వచ్చిన పని చూచుకొని ఆ రాత్రియే తిరుగు రైలెక్కుదురు. దిగిన స్టేషను 1873 నాటిదనియు, దాని ప్రక్కన వీధి యంచున నిలిచిన ఎఱ్ఱని సభామందిరమునకు శంకుస్థాపన చేసినది విజయనగర ప్రభువనియు ఎఱిగి తలయెత్తి చూచువారు మిక్కిలి అరుదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడినప్పుడు ఆ నగరము మనదా, వారిదా యను వివాదమున మన మనస్సులు గాయపడినవి. ఆ గాయము మానిన పిమ్మట మిగిలినది ఉదాసీనత. దస్తావేజులవలన సంక్రమించు హక్కు వేఱు, చేసిన పనివలన, ఇచ్చిన ధనమువలన, తెలిసికొన్న తెలివివలన సంక్రమించు హక్కు వేఱు. ఈ రెండవ హక్కును మనము ఎవరికిని వ్రాసియియ్యలేదు, ఎవరును మననుండి లాగికొనలేదు, మనమే మఱచితిమి. నేను చెప్పదలచినది ఇంతమాత్రమే.

1639లో ఈస్టిండియా కంపెనీ యుద్యోగియైన ఫ్రాన్సిస్ డే, దామెర్ల వెంకటప్ప నాయకునివలన తీరమున నొక ఇసుకదిబ్బను పొందెను. వెంకటప్పయు, అతని సోదరుడు అయ్యప్పయు చంద్రగిరి రాయలకు లోబడిన తెలుగు నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరనే పట్టణము వెలసినది. వారి మఱియొక సోదరుడైన అంకభూపాలుడు రచించిన ఉషాపరిణయ కావ్యమున ఈ పట్టణ నిర్మాణ ప్రసక్తి గలదన్న సంగతి మన సాహిత్య విద్యార్థులు గమనింపదగినది. అది రేవు లేని తీరము. ఓడలు దూరమున లంగరు వేయగా, మేకు లేకుండ కొబ్బరినార త్రాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలపై నెగిరిపడుచు సరకులను జనులను ఒడ్డు చేర్చెడివి. రాయి దొరకని, రేవు లేని, ఎండకును తుపానులకును నిలువు నీడ లేని ఆ ఇసుకపఱ్ఱపై నగరము కట్టుట యెట్టి సాహసమో తలపోసినప్పుడే అచ్చటి ప్రతి గోడయొక్క విలువ తెలియును.

సెంట్ జార్జి కోటలో మొదట చూడవలసినది సెంట్ మేరీస్ చర్చి. 1678లో మొదలిడి 1680లో ముగించిన ఈ కట్టడము బయటికి నిరాడంబరముగ కన్పట్టును. దాని విశేషమంతయు కప్పులో నున్నది. గోడలు నాలుగడుగుల మందము. కప్పునకు కొయ్య దూలము లేవియు లేక, మూడు నడవలపైనను ఇటుకతో సొరంగమువలె వంచి కట్టిన గుమ్మటపు కప్పు వేసిరి. ఫిరంగి గుండు పడినను పగులకుండుటకును, నిప్పంటకుండుటకును చేసిన యుపాయమది. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించి నెలల తరబడి గుండ్లు కురిపించినప్పుడు ఆ యుపాయము పరీక్షకు నిలిచినది. రాబర్టు క్లైవు వివాహ మిచ్చట 1753లో జరిగినదని మార్గదర్శకులు మొట్టమొదట చెప్పెదరు. నేనైన ఆ కప్పు క్రింద నిలిచి, ఒక్కొక్క యిటుక ప్రక్క యిటుకను మోయునట్లు ఆ వంపును తిప్పిన మేస్త్రీల నేర్పును ముందుగ తలచుకొనుమని చెప్పుదును. వారి పేర్లు ఏ శాసనమునను లేవు.

కోటలోనే నేటి శాసనసభ యున్న భవనమునకు ముందు నల్లని మెఱుగు రాతి స్తంభములు గలవు. 1746లో కోట ఫ్రెంచివారి వశమైనప్పుడు వారు ఆ స్తంభములను ఓడలపై పుదుచ్చేరికి తరలించుకొనిపోయిరి. 1761లో పుదుచ్చేరి ఆంగ్లేయుల చేజిక్కిన పిదప అవి మరల స్వస్థానమునకు వచ్చినవి. రెండు రాజ్యములు కోరి మోసికొనిపోయిన రాళ్లవి. చేతితో తాకి చూచిన నేటికిని అద్దమువలె చల్లగా నునుపుగా తగులును.

కోటనుండి న్యాయస్థానమువైపు నడచుటకు నేనొక సూత్రమును సూచింతును. అది సముద్రముపై ఓడలకు దారిచూపిన దీపముయొక్క ప్రయాణము. 1796లో మొదటి దీపము కోటలో నేడు మ్యూజియ మున్న భవనముపై వెలిగినది. అది వర్తకులు కూడి బేరసారములు చేసికొనుటకై కట్టిన భవనము. 1844లో దీపము కోట విడిచి, ఉత్తరమున ప్రత్యేకముగ కట్టిన రాతి స్తంభముపైకి మారినది. దాదాపు 125 అడుగుల యెత్తున, గ్రీకు పద్ధతిలో చెక్కబడిన ఆ స్తంభము నేటికిని హైకోర్టు ఆవరణలో, వకీళ్ల కార్ల నడుమ, ఎవరికిని పట్టనట్లు నిలిచియున్నది. 1894లో దీపము మూడవమారు కదలి హైకోర్టు భవనముయొక్క అత్యున్నత శిఖరమునెక్కినది. న్యాయస్థానపు గోపురముపై ఓడల దీపము వెలిగించిన నగరము మఱియొకటి కలదో లేదో నేనెఱుగను. ఉండవలెనన్నచో సముద్రమును న్యాయమును అంత చేరువగా నుండవలెను. నాలుగవ దీపము 1977 నుండి మెరీనా తీరమున కాంక్రీటు స్తంభముపై వెలుగుచున్నది. ఈ నాలుగు దీపముల నడుమ నడచుటకు పూటకన్న నెక్కువ పట్టదు. బట్టీ పట్టిన తేదీలకన్న ఆ నడకయే నగరచరిత్రను తేటగా బోధించును.

హైకోర్టు భవనమునుగూర్చి కొంత నిదానముగ చెప్పవలెను. బ్రాసింగ్టన్ తొలి నమూనా గీయగా, హెన్రీ ఇర్విన్ దానిని పెంపొందించి, 1888లో ఆరంభమైన పనిని 1892లో ముగించెను. ఎఱ్ఱని యిటుక గోడలు, ఉల్లిగడ్డ యాకారపు గుమ్మటములు, రంగు పలకలు పొదిగిన నడవలు, ఎటు తిరిగినను అంతు చిక్కని వరండాలు గల ఆ సౌధమును చూచినవారు దానిని మొగలాయి శైలి యని కొందఱు, విలాయతీ శైలి యని కొందఱు వాదింతురు. నిల్చిన నేల సంగతి వారికి తట్టదు. ఆంగ్లేయులు వచ్చిన కొలది సంవత్సరములకే కంపెనీ తొలి దుబాసులలో నొకడైన బేరి తిమ్మప్ప ప్రభృతుల పోషణలో చెన్నకేశవ, చెన్నమల్లికేశ్వర స్వాముల ఆలయములు వెలసిన తావు అది. ఫ్రెంచి దాడి భయముచే కోట చుట్టును మైదానము చేయదలచి 1757 ప్రాంతమున కంపెనీవారు ఆ యాలయములను తొలగించి, మఱియొకచోట స్థలమిచ్చిరి. పూల అంగళ్ల నడుమ దేవరాజ ముదలి వీధిలో నేడు ఒకే ప్రాకారమువలె కనిపించు జంట గుడులు వానికి వారసులు. వానిని చూడక హైకోర్టును మాత్రమే చూచి వచ్చినవాడు సగమే చూచినవాడు.

ఇక ఆ సౌధమును కట్టినదెవరు? నమూనా ఇర్విన్‌ది, పని తాటికొండ నంబెరుమాళ్ శెట్టిది. 1856లో జనించి 1925లో గతించిన ఈ వైశ్య ప్రముఖుడు తెలుగువాడు. హైకోర్టు, న్యాయకళాశాల, ఎగ్మూరు మ్యూజియమును చేరియున్న కన్నెమెరా గ్రంథాలయము, మద్రాసు బ్యాంకు, విక్టోరియా పబ్లిక్ హాలు — ఒక నగరముయొక్క ముఖమునే మార్చిన ఈ భవనములను కాంట్రాక్టరుగా నిర్మించినది అతడే. గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ తన యంత్యదినములు గడపిన చెట్‌పెట్టు గృహము సైతము అతనిదే. ఇర్విన్ పేరు వాస్తు విద్యార్థుల పరీక్షా పత్రములలో నున్నది. నంబెరుమాళ్ శెట్టి పేరు మన తెలుగు పాఠ్యపుస్తకములలో ఒక్క పంక్తికైన నోచుకొనలేదు. కాగితముపై గీసిన గుమ్మటమును పగులకుండ నిలబెట్టుటకు తగిన యిటుకను కాల్పించుట, సున్నమును పులియబెట్టించుట, టేకును తెప్పించుట, వందలాది పనివారిని సంవత్సరముల తరబడి ఒక క్రమమున నడపుట రెండవ తరగతి ప్రతిభ కాదని మన ఇంజనీరు మిత్రులకు నేను చెప్పవలసిన పనిలేదు.

సున్నమును ప్రస్తావించితిని గనుక ఆ విషయము ముగించి ముందునకు సాగుదును. చెన్నపురి గోడల రహస్యమంతయు సున్నమునందే యున్నది. తీరమున ఏరిన గుల్లలను బట్టీలలో కాల్చి, నీటిలో విరియించి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లపు నీరును కరక్కాయ నీరును కలిపి గోడకు మెత్తెడివారు. పై పూతకు మిక్కిలి సన్నని గుల్ల సున్నమున గ్రుడ్డు తెల్లసొన, పెరుగు, నేయి చేర్చి, నున్నని రాతితో గంటల తరబడి రుద్ది, లోని చెమ్మ పైకి చెమర్చినప్పుడెల్ల గుడ్డతో నద్ది, మరల రుద్దెడివారు. ఆ గోడలను తొలిసారి చూచిన విదేశ యాత్రికులు వానిని పాలరాయి యని భ్రమపడిరి. మిద్దె వేయుటయు నట్టిదే. టేకు దూలములపై పలుచని యిటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నముతో పేర్చి, దానిపై ఇటుకముక్కల సున్నపు గచ్చు పోసి, కూలి స్త్రీలు వరుసగా కూర్చుండి చెక్కలతో పాట పాడుచు దినముల తరబడి దిమ్మిస కొట్టెడివారు. ఆ పాట ఆగినచోట గచ్చు పగులునని మేస్త్రీల నమ్మకము. చేతులన్నియు ఒక్క లయలో పడినగాని గచ్చు సమముగ గట్టిపడదని దాని తాత్పర్యము కావచ్చును. రెండు వందల యేండ్లు వానను తట్టుకొన్న కప్పుల క్రింద కూర్చుండి తీర్పులు చెప్పినవారును, పాఠములు చెప్పినవారును, ఆ స్త్రీల చేతులకు ఋణపడియున్నారు.

ఈ విద్య తెలియకపోవుటచే జరిగిన హాని చాల గొప్పది. సున్నపు గోడ చెమ్మను పీల్చి మరల గాలికి వదలును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే చిక్కి, ఉప్పు పేరి, ఇటుక పొడియై రాలును. పైకి మాత్రము గోడ క్రొత్తదిగ కనిపించును. ఇరువదవ శతాబ్దమున పెక్కు ప్రాచీన భవనములకు మరమ్మతు పేర జరిగినది ఇదియే. సముద్రపు గాలిలోని ఉప్పు, గోడ సందులలో మొలచు రావిమొక్క, ఎవరును చూడని వాన తూము — ఇవి చేయు చెఱుపును ఆ సిమెంటు పూత దాచిపెట్టును. ఇటీవల తమిళనాడు మరామతు శాఖవారు మరల గానుగ సున్నమును, కరక్కాయ నీటిని చేపట్టి పాత మేస్త్రీల బిడ్డలచే పని చేయించుచుండుట నాకు మిక్కిలి సంతోషము గల్గించిన విషయము.

చేపాక్ రాజమందిర మా విధముగనే మరల ప్రాణము పోసికొన్నది. కర్ణాటక నవాబు మహమ్మదాలీ వాలాజా 1764-68 మధ్య కట్టించిన ఈ సౌధము హైందవ, మహమ్మదీయ, ఆంగ్ల రీతుల కలయికకు తొలి యుదాహరణములలో నొకటిగ పరిగణింపబడుచున్నది. నవాబుల పరంపర 1855లో ముగియగా, అది వేలమునకు వచ్చి ప్రభుత్వాధీనమైనది. తరువాత రాబర్ట్ చిషోమ్ రెండు మహలుల నడుమ గోపురమెత్తి వానిని కలిపెను. 2012లో వానిలో నొకటైన ఖలస్ మహలు అగ్నికాహుతియై మొండిగోడలు మిగిలినప్పుడు దానిని కూల్చివేయుదురని భయపడినవారిలో నేనొకడను. అది మరల లేచి నిలిచి, హరిత న్యాయాధికరణమునకు నెలవైనది.

చిషోమ్ మహాశయుని గుఱించి ఒక మాట. 1860ల దశకమున ఒక పోటీలో నెగ్గి మద్రాసున నిలదొక్కుకొన్న ఆ యువశిల్పి తొలుత ఇటలీ పద్ధతినే ఎత్తికొని ప్రెసిడెన్సీ కళాశాలను కట్టెను. పిమ్మట మధురలో తిరుమలనాయకుని మహలును మరమ్మతు చేయుచు, తిరువాన్కూరు కొయ్యకప్పులను పరిశీలించుచు, ఈ దేశపు మేస్త్రీలు తనకన్న ముందెన్నో సమస్యలకు సమాధానములు కనుగొనియున్నారని గ్రహించెను. ఆ మార్పునకు ఫలితము విశ్వవిద్యాలయ సెనేటు మందిరము. 1874 నుండి 1879 వఱకు కట్టబడిన ఆ మందిరము లోనికి ప్రవేశించి, మధ్యాహ్నపు ఎండ రంగుటద్దములనుండి జాలువారునప్పుడు ఆ విశాలసభాంగణమును చూచినవారు దానిని మఱువలేరు. గురువునకు శిష్యుడు కట్టిన దక్షిణగా నేను దానిని భావింతును. ఇచ్చట శిష్యుడు చిషోమ్, గురువులు మన తాపీమేస్త్రీలు.

ఈ భవనము లన్నిటికిని ఎదుట నున్న మెరీనా ఇసుకమేట అనాదియైనది కాదు. 1875లో ఉత్తరమున కృత్రిమ హార్బరు కట్ట మొదలిడగా, తీరము వెంబడి ఉత్తరమునకు కొట్టుకొనిపోవు ఇసుక ఆ గోడకు తగిలి దక్షిణమున మేటవేసినది. హార్బరునకు ఉత్తరమున తీరము కోతకు గురియైనది. చేపాకు మహలున నవాబులు వసించినప్పుడు సముద్రము నేటికన్న మిక్కిలి చేరువగ నుండెను. తీరముననే 1842లో అమెరికానుండి ఓడలలో వచ్చిన మంచుగడ్డలను దాచుటకు కట్టిన గుండ్రని ఐస్‌హౌసు కలదు. 1897లో వివేకానందస్వామి విడిదియై, నేడు ఆయన పేరనే వెలయుచున్నది.

ఎగ్మూరు చేరువ సెంట్ ఆండ్రూస్ చర్చి, నన్నడిగినచో, ఆ నగరమున ఇంజనీరింగు విద్యార్థి తప్పక చూడవలసిన మొదటి కట్టడము. స్కాట్లండు క్రైస్తవుల కొఱకు మేజరు డి హావిలాండ్ 1818-21 మధ్య నిర్మించిన ఈ ఆలయము వర్తులాకారము. నడుమ 16 స్తంభములు, వానిపై 51 అడుగులకు మించిన వ్యాసము గల గుమ్మటము, గుమ్మటము లోపల ఆకాశనీలపు రంగు. చూపఱులందఱు తలయెత్తి ఆ నీలిమను చూచెదరు. నేను తలవంచి నేలను చూడుమందును. అచ్చటి నేల మెత్తని బురద. అంతటి బరువును మోయుటకు ఆ సైనిక ఇంజనీరు స్థానికులు తరతరములుగ ఎఱిగిన నూతి విద్యనే ఆశ్రయించెను. మట్టి ఒరలను, వంపు ఇటుకలతో కట్టిన ఒరలను నేలపై నుంచి, లోపలి మన్ను త్రవ్వి తీయుచుండగా ఒర తన బరువుననే క్రిందికి దిగును. పైన మఱియొక ఒర చేర్చి, గట్టినేల తగులువఱకు అట్లే దింపుదురు. 14 అడుగులనుండి 50 అడుగుల లోతువఱకు ఇట్టి నూతులు సుమారు 150 దింపి, వానిని నింపి, పైన పునాది కట్టి ఆలయము నిలిపిరి. రెండు శతాబ్దములైనను అది ఒరిగిన జాడ లేదు. మన గోదావరి, కృష్ణలపై వంతెనలు కట్టు ఇంజనీర్లు నేటికిని స్తంభముల క్రింద నూతులనే దింపుచున్నారు. ఊరి బావి త్రవ్వు ఒడ్డెర కూలికి తెలిసిన సూత్రమే అంతటి గుమ్మటమును మోయుచున్నదన్న యెఱుక మన పిల్లలకు గలుగవలెను.

సెంట్రల్ స్టేషను పొరుగున నున్న విక్టోరియా పబ్లిక్ హాలు మన హృదయములకు మఱింత సన్నిహితము. నగరమున ప్రజలు సభలు జరుపుకొనుటకు తగిన మందిరము లేదని తలచి, సంస్థానాధీశులు, వర్తకులు చందాలు వేసికొని కట్టించిన హాలిది. ప్రభుత్వపు సొమ్ముతో లేచినది గాదు. 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు, నమూనా చిషోమ్‌ది, పని మరల నంబెరుమాళ్ శెట్టిది. 1891లో బళ్లారినుండి ధర్మవరము కృష్ణమాచార్యులవారు తమ సరసవినోదినీ సభతో మద్రాసు వచ్చి తెలుగు నాటకములు ప్రదర్శింపగా, అవి చూచి ముగ్ధుడైన పమ్మల్ సంబంధ ముదలియారను యువకుడు ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించి, తమిళ నాటకరంగమునకు పితామహుడైనాడు. ఆ సభ నాటకములకు ఈ హాలు చిరకాలము రంగస్థలమైనది. తెలుగు నాటకము తమిళ నాటకమునకు దీపమంటించిన ఘట్టమిది. రెండు జాతులవారును దీనిని గర్వముతో చెప్పుకొనవలెను. చాలకాలము ఆ హాలు తలుపులు బిగించి, మురికిపట్టి, పావురములకు ఆటపట్టై యుండుట చూచి నేను బాధపడితిని. పిమ్మట నగరపాలక సంస్థవారు పూనుకొని దాని బాగుచేత చేపట్టిరి.

దాని చెంతనున్న తెల్లని రిపన్ భవనము నగరపాలక సంస్థకు నెలవు. 1909లో మొదలిడి 1913లో ముగిసిన ఆ భవనమునకు ఆనాడైన వ్యయము ఏడున్నర లక్షల రూపాయలు. కట్టినవాడు లోగనాథ ముదలియారు. ఎదుటనున్న విగ్రహము పిట్టి త్యాగరాయశెట్టిది. ఆ నగరపాలక సంఘమునకు ఎన్నికైన అధ్యక్షుడుగ పనిచేసిన తెలుగువాడు.

పోయినదానిని గూర్చి చెప్పక ముందునకు పోలేను. ఈ రెండు భవనముల సమీపముననే మూర్ మార్కెట్టుండెడిది. 1900లో తెఱచిన ఆ ఎఱ్ఱని యిటుక విపణి, నడిమి ముంగిలి చుట్టును అంగళ్లతో, పాత పుస్తకముల కొఱకు వచ్చు పండితులకును పేద విద్యార్థులకును సమానముగ ఆశ్రయమిచ్చినది. మన రచయితలు, సంపాదకులు, సినిమావారు ఎందఱో అచ్చట మోకాళ్లపై కూర్చుండి పుస్తకముల గుట్టలు వెదకినవారే. ఎక్కడను దొరకని వావిళ్లవారి పాత ముద్రణలు అణాలకు దొరకిన తావది. 1985 మే నెలలో అది కాలిపోయినది. మిగిలిన గోడలను నిలుపుకొనవచ్చునని పలువురు కోరినను, స్థలము రైల్వేవారి ఉపనగర స్టేషనున కలిసిపోయినది. అటుపిమ్మట గవర్నమెంటు హౌసు 2008 ప్రాంతమున నేలమట్టమైనది. ఇందు ఎవరినో ఒకరిని దోషులుగ నిలబెట్టుట నా యుద్దేశము గాదు. కాని ఎవరు కట్టిరో, ఎందుకు కట్టిరో జనులకు తెలియని భవనము మొదట కూలును. మౌంటురోడ్డున కార్డిల్ భవనమును, 1897లో స్టీఫెన్స్ అను వాస్తుశిల్పి నమూనాపై కట్టినదానిని, 2006లో కూల్చ మొదలిడినప్పుడు న్యాయస్థానము అడ్డుకొన్నది. దాని చరిత్ర యెఱిగినవారు కొందఱు కోర్టు తలుపు తట్టుటవలననే గదా.

ఎగ్మూరు మ్యూజియమున అమరావతి శిల్పములను గూర్చి ప్రత్యేకముగ చెప్పకయే ఆంధ్రుని కాళ్లు అచ్చటికి పోవలెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపిన పలకలు చాలకాలము ఆరుబయట ఎండవానలకు పడియుండగా, వానిలో పెక్కింటిని 1859లో లండనుకు పంపిరి. తదుపరి త్రవ్వకములలో దొరకినవి మద్రాసుననే నిలిచి, గోడలలో సున్నముతోను సిమెంటుతోను పొదుగబడి కొంత చెడినవి. కట్టడమునుగూర్చి మాటలాడుచు శిల్పముల ప్రస్తావన యేల యనిన, అమరావతి స్తూపముయొక్క ప్రాకార మెట్టిదో నేడు మనకు తెలియజెప్పునవి ఆ పలకలపై చెక్కిన స్తూపచిత్రములే. కృష్ణాతీరమున కూలిన కట్టడమునకు పటము ఎగ్మూరున నున్నది. అట్లే నుంగంబాకమున పాత కాలేజీ తోరణము. 1812లో నెలకొన్న సెంట్ జార్జి కోట కాలేజీలో సి.పి. బ్రౌన్ తెలుగక్షరములు దిద్దెను. ఆ కాలేజీ స్థాపకుడైన ఎల్లిస్, తెలుగు సంస్కృతజన్యము గాదనియు, తమిళ కన్నడములతో ఏకమూలము గలదనియు 1816లో కేంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో నిరూపించెను. భాషాశాస్త్రమున అంతటి మలుపు తిరిగిన స్థలమున ఆ తోరణము మాత్రమే మిగిలియున్నది.

రాయపురము స్టేషను (1856), ఆర్మీనియను వీధిలోని ఆరు గంటల చర్చి, కొయ్యయు నినుమును లేక రాతితోనే కట్టిన తిరువల్లిక్కేణి వాలాజా మసీదు (1795), నేటి రాజాజీ హాలు, శాంతోము మహాలయము — వీనిని పేరు చెప్పి వదలవలసివచ్చుచున్నది; సమయము చాలదు. మైలాపూరు ప్రక్క రాయపేట హైరోడ్డున మాత్రము ఒక్క నిమిషము ఆగుదును. అచ్చట బులుసు సాంబమూర్తిగారి యింట 1952 అక్టోబరు 19న ఆంధ్రరాష్ట్రము కొఱకు నిరాహారదీక్ష పూనిన పొట్టి శ్రీరాములుగారు డిసెంబరు 15న అసువులు బాసిరి. వాస్తుశాస్త్ర దృష్టిలో ఆ స్థలమున చూడదగిన దేమియు లేకపోవచ్చును. కాని హైకోర్టు గుమ్మటము కట్టినవారు తెలుగువారని తెలిసినవాడు ఆ యింటి యెదుట నిలిచినప్పుడు, ఆ దీక్షకు వెనుకనున్న వేదన యెంత లోతైనదో కొంత గ్రహింపగలడు: తాము కట్టిన ఊరిని తాము విడువవలసివచ్చునేమో యన్న వేదన అది.

ఈ ఉపన్యాసమును నడుపు ధర్మనిధి నిర్వాహకులకు నాదొక మనవి. చెన్నపురి ప్రాచీన భవనములపై ఆంగ్లమున మంచి పుస్తకము లనేకము గలవు, తమిళమునను గలవు, తెలుగున నిదానముగ వ్రాసిన చేతిపుస్తక మొక్కటి యావశ్యకము. అందు ప్రతి భవనమునకును నమూనాకారుని పేరుతోపాటు కాంట్రాక్టరు పేరును, దాత పేరును, సున్నపు పద్ధతిని, కప్పు వేసిన విధమును వ్రాయవలెను. బేరి తిమ్మప్ప, ఆనందగజపతి, నంబెరుమాళ్ శెట్టి పేర్లు కనబడవలెను. పేర్లు దొరకని మేస్త్రీల పని యెచ్చట కనుపించునో ఆ చోటు వ్రేలు పెట్టి చూపునట్లుండవలెను. రానున్న యేడు ఈ ఉపన్యాసమునకు బదులుగా, మన ఇంజనీరింగు కళాశాలలనుండి ఇరువదిమంది విద్యార్థులను నిధి ఖర్చుతో రెండు దినములు అచ్చటికి పంపుడు. ఒక దినము కోటనుండి హైకోర్టువఱకు దీపముల వెంబడి నడువనిండు. మఱునాడు ఎగ్మూరు చర్చిలో నూతులనుగూర్చి తెలిసికొని, మ్యూజియమున అమరావతి పలకల యెదుట కూర్చుండి బొమ్మలు గీయనిండు. వారి వెంట ఒక వృద్ధ తాపీమేస్త్రిని కూడ పంపవలెనని నా కోరిక. గానుగ సున్నమును చేతితో పట్టి చూపగలవాడు మన జిల్లాలో నింకను ఒకరిద్దఱున్నారు.